కాంటెస్సా ఇంజన్‌తో లోటస్ సెవెన్ రెప్లికా: ఏళ్ల తరబడి వాడాక

నా కారు లోటస్ సెవెన్ అనే పాత ఇంగ్లీషు స్పోర్ట్స్ కారుకి రెప్లికా, అంటే నకలు. ఇంజన్ మాత్రం హిందుస్థాన్ మోటార్స్ వాళ్ల పాత సెడాన్ కాంటెస్సాది, జపాన్ కంపెనీ ఇసుజు డిజైన్. నడపడానికి ఇంత సంతోషాన్నిచ్చే బండి నేనింకోటి వాడలేదు. అయితే దీని పుట్టుపూర్వోత్తరాలు తవ్వకపోయి ఉంటే ఈపాటికి ఇది టార్పాలిన్ కింద మూలన పడి ఉండేది. ఏ ముక్క ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తేనే రెప్లికా కారుకి రిపేరు చేయించగలం. అందుకే ఈ సమీక్షలో సగం చరిత్రే ఉంటుంది.

గుంటూరులో నాకు అమ్మినాయన దీన్ని ‘ఫారిన్ లోటస్’ అన్నాడు. విజయవాడ వచ్చాక ఒక మెకానిక్ చూసి ‘చింకారా’ అన్నాడు. అతని మాటకి కారణం ఉంది. మహారాష్ట్రలోని ఆలీబాగ్‌లో చింకారా అనే చిన్న సంస్థ సరిగ్గా ఇదే పోలికతో రోడ్‌స్టర్ (టాపు లేని రెండు సీట్ల కారు) చేసింది. నా కారులో లాగే అందులోనూ ఇసుజు 1.8 లీటర్ల ఇంజనే.

అసలు లోటస్ సెవెన్ 1957లో ఇంగ్లండులో వచ్చింది. డిజైన్ లోటస్ కంపెనీ పెట్టిన కోలిన్ చాప్‌మన్‌ది. సన్నటి ఇనుప గొట్టాలతో ఫ్రేము, పైన అల్యూమినియం రేకులు, బరువు ఐదొందల కిలోలకి అటూ ఇటూ. అప్పట్లో అక్కడ కారుని విడిభాగాలుగా కొని ఇంట్లో బిగించుకుంటే పర్చేజ్ టాక్స్ పడేది కాదు, అందుకే చాలామంది కిట్‌గా కొన్నారు. 1973లో వ్యాట్ వచ్చి ఆ వెసులుబాటు పోయింది. అదే ఏడాది ఈ డిజైన్ హక్కులు కేటర్‌హామ్ అనే ఇంగ్లండు కంపెనీ చేతికి వెళ్లాయి. ఇంట్లో బిగించుకునేంత తేలిక నిర్మాణం కాబట్టే ప్రపంచమంతటా దీనికి ఇన్ని నకళ్లు పుట్టాయి. అసలుదాంట్లో ఫోర్డ్, బీఎంసీ, కోవెంట్రీ క్లైమాక్స్ ఇంజన్లు ఉండేవి. నా కారు బానెట్ ఎత్తితే ఇసుజు కనిపిస్తుంది, బాడీ అంతా ఫైబర్. లోటస్ అన్న మాట అక్కడితో తేలిపోయింది.

ఇక ఆర్‌సీలో చింకారా పేరే లేదు, మేకర్ హిందుస్థాన్ మోటార్స్, మోడల్ కాంటెస్సా అని ఉంది. ఇంజన్ నంబరు సరిపోయింది. నన్ను కంగారు పెట్టింది చాసిస్ నంబరు. కాంటెస్సాకి విడిగా చాసిస్ ఫ్రేము ఉండదు, బాడీయే చాసిస్. మరి ఆ నంబరు ఈ గొట్టాల ఫ్రేము మీదకి ఎలా వచ్చింది? పెయింటు గీకించి చూస్తే అర్థమైంది: పాత బాడీ నుంచి నంబరున్న రేకు ముక్కని కోసి ఫ్రేముకి వెల్డింగ్ చేశారు. దొంగ బండ్లకి చేసే పని కూడా ఇదే. చాలా టెన్షన్ పడ్డాను.

రవాణా శాఖ ఆఫీసులో బి రిజిస్టర్ ఎక్స్‌ట్రాక్ట్‌కి, అంటే బండి వివరాలన్నీ రాసి ఉంచే వాళ్ల రిజిస్టర్ కాపీకి, దరఖాస్తు పెట్టాను. పాత పుస్తకాలు వెతికి కాపీ ఇవ్వడానికి బాగా తిప్పారు కానీ, వచ్చిన కాగితం బంగారం. సెడాన్ బాడీ తీసేసి రెండు సీట్ల ఓపెన్ బాడీ కట్టినట్టు, అనుమతితో చేసిన ఆల్టరేషన్ ఎంట్రీ అందులో ఉంది. పాత యజమానుల వరస కూడా ఉంది. బండికి చేసే మార్పుల గురించి చెప్పే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ మీద సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఇచ్చిన తీర్పు తర్వాత, కంపెనీ ఇచ్చిన నిర్మాణాన్ని ఇలా మార్చి రిజిస్టర్ చేయించుకోవడం కుదిరే పని కాదు. కాబట్టి ఇలాంటి పాత ఎంట్రీ లేని బండి మీద డబ్బు పెట్టకండి. పదిహేనేళ్లు దాటినందుకు రిజిస్ట్రేషన్ రెన్యూవల్‌కి వెళ్లినప్పుడు నేను ముందుగా చూపించిందీ ఆ కాగితమే.

ఆ వరసలో ఉన్న రెండో యజమాని గుంటూరు బ్రాడీపేటలోనే ఉంటున్నారు. డెబ్బై దాటిన పెద్దాయన. వెతుక్కుంటూ వెళ్తే ఎంతో ఆనందపడి, కారు తయారవుతున్నప్పటి ఫొటోలు బయటికి తీశారు. అసలు మేలు అక్కడ జరిగింది. అప్పటికి నన్ను ఒక సమస్య చాలాకాలంగా ఏడిపిస్తోంది. విజయవాడలో కృష్ణ మీది వారధి దాటి మంగళగిరి వైపు వెళ్తుంటే, స్పీడు ఎనభై దగ్గరికి రాగానే సీటు కింద వణుకు మొదలయ్యేది. వీల్ బ్యాలెన్సింగ్ చేయించాను, బుష్‌లు మార్పించాను, టైర్లు కొత్తవి వేయించాను, తగ్గలేదు. ఆయన ఒక ఫొటో మీద వేలు పెట్టి, “ప్రొపెల్లర్ షాఫ్టు కోసి పొట్టి చేశారండీ, చూశారా?” అన్నారు. గేర్‌బాక్స్ నుంచి వెనక యాక్సిల్‌కి తిప్పుడు శక్తిని అందించే పొడవాటి గొట్టం అది. కాంటెస్సా చక్రాల మధ్య దూరం ఎక్కువ, సెవెన్‌ది తక్కువ. ఆ షాఫ్టు అలాగే పట్టదు మరి.

షాఫ్టు విప్పి ఆటోనగర్‌లో లారీ ప్రొపెల్లర్ షాఫ్టులు చేసే షెడ్డుకి పట్టుకెళ్లాను. మేస్త్రీ దాన్ని తిప్పి చూడగానే, “అతుకు వంకరపోయింది బాబూ. ఇది బ్యాలెన్స్‌కి రాదు, ట్యూబు కొత్తది వేద్దాం” అన్నాడు. “మీ ఇష్టం బాబాయ్, నిదానంగానే చేయండి” అన్నాను. వేశాడు. వణుకు పూర్తిగా పోయింది. లారీలకి పనిచేసే ఈ మేస్త్రీలు ఉండబట్టే విజయవాడలో ఇలాంటి కారుని బతికించుకోగలుగుతున్నాం.

వేడి సంగతి కూడా అలాగే తేలింది. సెవెన్ ముక్కు పొట్టిది, కాంటెస్సా రేడియేటర్ అందులో పట్టదు. కట్టినవాళ్లు ఏదో చిన్న కారుది పెట్టారని ఫొటోల్లో స్పష్టంగా కనిపించింది. మే నెలలో బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర టెంపరేచర్ ముల్లు ఎందుకు పైకి పాకేదో అప్పుడు తెలిసింది. ఎత్తు తక్కువ, వెడల్పు ఎక్కువ ఉండేలా రేడియేటర్ కొలతలిచ్చి చేయించి, ఎలక్ట్రిక్ ఫ్యాన్ పెట్టించాను. ఇప్పుడు ట్రాఫిక్‌లో ఇంజన్ నిలకడగా ఉంటుంది. మన కాళ్లకి తగిలే వేడి మాత్రం తగ్గదు. ఎండాకాలంలో పొద్దున ఎనిమిది దాటాక నేను తీయను.

ఇక నడక. వెనక యాక్సిల్ కాంటెస్సాదే కాబట్టి కారు అసలు సెవెన్ కంటే వెడల్పు, కాస్త బరువు కూడా. అయినా రెండో గేరులో కరకట్ట మలుపుల మీద స్టీరింగ్ చెప్పినట్టు వింటుంది. రోడ్డు మీద చిన్న గులకరాయి కూడా చేతికి తెలుస్తుంది. ఇదివరకు పెద్ద కారుని లాగిన ఇంజన్ ఇక్కడ ఏ గేరులోనూ కష్టపడదు. తెల్లవారుజామున ఉండవల్లి మీదుగా అమరావతి వెళ్లి రావడం నాకు చాలా ఇష్టం. హైవే మీద మాత్రం జాగ్రత్త. లారీ చక్రం మన తల ఎత్తున ఉంటుంది, డ్రైవరుకి మనం కనిపించం. వానకి టాపు లేదు. స్పీడ్ బ్రేకర్లకి సంపు (ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) తగులుతుంది, కింద మందపాటి ప్లేటు వేయించుకోక తప్పదు. పెట్రోల్‌లో ఇథనాల్ 20 శాతానికి వచ్చాక పాత రబ్బరు పైపులు, కార్బురేటర్ కిట్టు అన్నీ మార్పించాను. మీరూ మార్పించండి.

స్పేర్ల గురించి భయం అక్కర్లేదు, కాంటెస్సా ఇసుజు సామాను తెలిసిన పాత షాపుల్లో వెతికితే ఇంకా దొరుకుతోంది. దొరకనిది ఫైబర్ బాడీ. అందుకే ముందు ముక్కుకి, మడ్‌గార్డులకి అచ్చులు తీయించి దాచాను. ఇన్సూరెన్స్‌లో థర్డ్ పార్టీ తేలిగ్గా వస్తుంది, పూర్తి పాలసీకి విలువ కట్టించడమే కష్టం.

కొనాలనుకునేవారు టెస్ట్ డ్రైవ్ కంటే ముందు బి రిజిస్టర్ ఎక్స్‌ట్రాక్ట్ అడగండి. తర్వాత కారు లిఫ్ట్ మీద పెట్టించి, నంబరు రేకు వెల్డింగ్, ప్రొపెల్లర్ షాఫ్టు అతుకు చూడండి. పాత యజమానుల్లో ఒక్కరైనా దొరికితే, వాళ్ల దగ్గరున్న ఫొటోలు కాపీ తీసుకున్నాకే అడ్వాన్సు ఇవ్వండి.