బంగారం తవ్విన నేల: వదిలేయడమా, మొక్కలు నాటడమా, ముందు దిబ్బలు దించడమా?

పెరూ ఆగ్నేయ మూలన మాద్రె దె దియోస్ అనే అమెజాన్ అడవి ప్రాంతం ఉంది. అక్కడ బంగారం నది ఒండ్రులో సన్నటి రేణువులుగా కలిసి ఉంటుంది, కాబట్టి సొరంగాలతో పని లేదు. చెట్లు కొట్టేసి, పంపుతో నీటి ధార కొట్టి నేలను కరిగిస్తారు. ఆ బురదను గొట్టాలతో లాగి, వాలుగా పెట్టిన బల్ల మీది తివాచీలపై పారిస్తారు. తివాచీలో చిక్కిన బంగారాన్ని పాదరసంతో ముద్ద చేసి, కాల్చి వేరు చేస్తారు. పైమట్టి, బంకమట్టి నీళ్లతో కొట్టుకుపోతాయి. చివరికి మిగిలేది ముప్పై అడుగుల దాకా లేచిన ఇసుక దిబ్బలు, వాటి మధ్య నీటి గుంటలు.

2019 ఫిబ్రవరిలో పెరూ ప్రభుత్వం సైన్యాన్ని, పోలీసులను దింపి లా పంపా అనే చోట అక్రమ తవ్వకందారులను ఖాళీ చేయించింది. మరి ఆ నేలను బాగుచేయడం ఎలా?

ఒక దారి, అలాగే వదిలేయడం. పొలం కోసం నరికిన అడవికి ఇది పనిచేస్తుంది, ఎందుకంటే అక్కడ మట్టి, వేళ్లు, విత్తనాలు మిగిలే ఉంటాయి. ఇక్కడ అవేవీ లేవు. గయానాలో వదిలేసిన బంగారు గనులపై 2020లో వెలువడిన అధ్యయనంలో, మూడు నాలుగేళ్లు గడిచినా గోతుల్లోనూ బురద చెరువుల్లోనూ చెట్లు దాదాపు మొలవలేదని తేలింది. పైమట్టి పోగుపోసిన చోట మాత్రం కొంత నయం. అడ్డుపడినది పాదరసం కాదట, నేలలో నత్రజని లేకపోవడం.

రెండోది, నేరుగా మొక్కలు నాటడం. సింసియా అనే పరిశోధన కేంద్రం 2016 నుంచి మాద్రె దె దియోస్‌లో ఈ పని మీదే ఉంది. బ్రెజిల్ నట్ పెంకులను కాల్చిన బొగ్గును మట్టిలో కలిపి మొక్కలు పెంచి చూశారు. నత్రజని లోటుకు పప్పుజాతి చెట్లు కొంత మందు. ఎరువు, బొగ్గు, మంచి నారు ఉంటే మొక్క బతకాలి కదా అనిపిస్తుంది. నేనూ ఈ దారి వైపే మొగ్గేవాణ్ని, 2025లో వచ్చిన మరో అధ్యయనం చూడకపోతే.

దాని ప్రకారం అసలు కరువు నీటిది. ఇసుక దిబ్బలోంచి నీరు మామూలు నేల కంటే వంద రెట్ల దాకా వేగంగా కిందికి జారిపోతుంది. పైన వేడి అరవై డిగ్రీలకు చేరుతుంది. వర్షారణ్యంలో, వానల మధ్య, మొక్క దాహంతో చస్తుందన్నమాట! అదే చోట గుంటల అంచుల్లో, పల్లాల్లో మాత్రం పచ్చదనం తిరిగి వస్తోంది, ఎందుకంటే అక్కడ భూగర్భజలం వేళ్లకు అందుతుంది. దిబ్బ నెత్తిన నాటిన మొక్కకు ఎంత ఎరువు వేసినా నీరు అందనంత దూరంలోనే ఉంటుంది.

అందుకే నా ఓటు మూడోదానికి: దిబ్బలను దించి, ఆ ఇసుకతోనే గుంటలు పూడ్చి, నేలమట్టాన్ని నీటికి దగ్గర చేసి, ఆ తర్వాతే నాటడం. దీనితో ఇంకో మేలూ ఉంది. ఆ గుంటల అడుగున గాలి ఆడని బురదలో సూక్ష్మజీవులు పాదరసాన్ని మిథైల్ మెర్క్యురీగా మారుస్తాయి. అది చేపల్లోకి, చేపలు తినేవాళ్ల ఒంట్లోకి చేరుతుంది, కడుపులో బిడ్డ మెదడునూ దెబ్బతీస్తుంది. అక్కడి గుంటల్లో ఇలా మారే వేగం నదుల్లో కంటే ఐదు నుంచి ఏడు రెట్లని 2020లోనే లెక్కగట్టారు. కాబట్టి పాత గుంటల్లో చేపలు పెంచుకోవచ్చన్న సలహాను, పరీక్షలు చేయకుండా, నేను అస్సలు ఒప్పుకోను.

ఖర్చు మాత్రం భారీ. ఎక్స్‌కవేటర్, డీజిల్, దారి లేని అడవిలోకి వాటిని తరలించడం. పాదరసం కలిపిన, కాల్చిన చోట్లను ముందే పరీక్షించి పక్కన పెట్టాలి, లేకపోతే విషాన్ని మనమే కలియబెట్టినట్టవుతుంది. డబ్బు తక్కువైతే దిబ్బల జోలికి పోకుండా, ఉన్న నారంతా పల్లాల్లో, గుంటల అంచుల్లో నాటడం మేలు. అనుమతితో తవ్వేవాళ్ల విషయంలో మాత్రం సాకులు వినకూడదు. పైమట్టిని మొదటిరోజే విడిగా పోగు పెట్టించాలి, యంత్రం అక్కడ ఉండగానే గోతులు పూడ్పించాలి. ఆ షరతు నెరవేరే దాకా పక్క గుంట తవ్వడానికి అనుమతి ఇవ్వకూడదు.