అన్ని ఉడుములకూ పనికొస్తుందన్న గుడ్ల పెట్టె కొన్నాను, మీరు కొనకండి

ఆడ ఉడుమును పెంచుతున్నవాళ్లు, ముఖ్యంగా అకీ మానిటర్ (మానిటర్ అంటే ఉడుమే, అకీ ఆస్ట్రేలియాలోని ఒక చిన్న జాతి) ఉన్నవాళ్లు, ఏదైనా రెడీమేడ్ గుడ్ల పెట్టె, అంటే ఆడది లోపల తవ్వి గుడ్లు పెట్టడానికి ఉంచే డబ్బా, ఆర్డర్ పెట్టే ముందు ఇది చదవండి. అలాంటిది ఒకటి నమ్మి మా ఆడ అకీ చిట్టిని చావుదాకా తీసుకెళ్లాను. తప్పంతా అమ్మినవాళ్లదేనని అనను, అడగాల్సినవి అడక్కుండా కొన్నది నేనే.

వచ్చింది ఒక నల్లటి ప్లాస్టిక్ డబ్బా. పైన మూత, పక్కన గుండ్రటి రంధ్రం. స్కేలు పెట్టి కొలిస్తే లోపలి ఎత్తు 15 సెంటీమీటర్లు. దాంతోపాటు కొబ్బరి పొట్టు ఇటుక ఒకటి, డబ్బా కింద పరిచే హీట్ ప్యాడ్ ఒకటి. 'చిన్నవాటికీ పెద్దవాటికీ, అన్ని మానిటర్లకూ' అని స్టిక్కర్. ఆ స్టిక్కర్ దగ్గరే నాకు అనుమానం రావాల్సింది. ఆస్ట్రేలియాలో లేస్ మానిటర్ చెదపుట్టను తవ్వి అందులో గుడ్లు పెడుతుంది. అక్కడిదే పసుపు మచ్చల మానిటర్ మెలికలు తిరుగుతూ దిగే బొరియ తవ్వి దాదాపు 3 మీటర్ల లోతున పెడుతుంది. కొమొడో ఉడుములైతే చాలాసార్లు మెగాపోడ్ పక్షులు పోగేసిన మట్టిదిబ్బలనే వాడుకుంటాయి. వీటన్నిటికీ కలిపి జానెడు లోతు లేని ఒకే డబ్బా!

చాట్‌లో అడిగితే అమ్మినతను ఇంకో మాట అన్నాడు. 'మగది లేదుగా, గుడ్లెలా పెడుతుందండీ, ఊరికే జాగ్రత్తకి ఉంచుకోండి' అని. ఇది పచ్చి అబద్ధం. మగదాని మొహం చూడకపోయినా ఆడదానికి గుడ్లు తయారవుతాయి, కోడిపెట్టకు అయినట్టే. అవి పిల్లలు కాకపోవచ్చు, కానీ కడుపులోంచి బయటికి రావాల్సిందే. (కొమొడో ఉడుముల్లో మగదాని పాత్ర లేకుండానే గుడ్లు ఫలించాయని కూడా 2006లో జన్యుపరీక్షల్లో తేలింది. అది వేరే కథ.)

చిట్టి కడుపు నిండుగా కనిపించగానే వాళ్ల కాగితంలో ఉన్నట్టే డబ్బాను చల్లటి వైపు పెట్టి, కింద ప్యాడ్ వేశాను. మొదటి రోజు లోపలికెళ్లి తవ్వింది. తవ్విన చోటల్లా పొట్టు కూలి మళ్లీ గుంటలోకే పడింది. రెండు నిమిషాల్లో గోళ్లు ప్లాస్టిక్ అడుగును గీకడం వినిపించింది. ఆ చప్పుడు నాకింకా గుర్తుంది. బయటికొచ్చి మళ్లీ అటువైపు వెళ్లలేదు.

తర్వాత ఎన్‌క్లోజర్ (దాన్ని ఉంచే అద్దాల గూడు) మూలమూలా గీకడం, అద్దానికి ముక్కు రాస్తూ రాత్రీ పగలూ తిరగడం. తిండి మానేసింది. తోక మొదలు దగ్గర ఎముకలు తేలాయి, కడుపు మాత్రం అలాగే ఉంది. 'అలవాటు పడుతుంది, వారం ఆగండి' అన్నారు అమ్మినవాళ్లు. ఆగాను. అదే నేను చేసిన పెద్ద పొరపాటు. ఐదో రోజు పొద్దున నాలుగు గుడ్లు కనిపించాయి, రెండు నీళ్ల గిన్నెలో, రెండు బండ మీద. ఎక్స్‌రేలో ఇంకో మూడు లోపలే ఉన్నాయి. ఉడుము సరైన చోటు దొరక్కపోతే గుడ్లను పట్టి ఉంచుతుందనీ, అలా ఉండిపోతే లోపలే కుళ్లి ప్రాణం పోతుందనీ డాక్టర్ చెప్పారు. ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. బతికింది. ఇక గుడ్లు పెట్టదు.

పెట్టె విప్పి ఒక్కోటీ పరీక్షించాక అసలు లోపాలు తెలిశాయి. లోతు సంగతి చెప్పాను. కొబ్బరి పొట్టు తేమ పట్టుకుంటుంది కానీ బొరియ ఆకారం నిలబెట్టదు. ప్యాడ్ ఇంకా ఘోరం. నేలలో పైన ఎండకు వేడి, కిందికి పోయేకొద్దీ నిలకడ. ఈ డబ్బాలో అంతా తలకిందులు, అడుగు మాడుతుంది, అడుగున తేమ ఆరిపోతుంది, పైన 23 డిగ్రీలే. గుచ్చే థర్మామీటర్ పెట్టి చూస్తే అడుగున 38 దాటింది.

మా రెండో ఆడదానికి లోతైన పెద్ద టబ్ తెచ్చి నేనే నింపాను. ఇసుక కలిపిన తోటమట్టి, 40 సెంటీమీటర్ల లోతు, చేత్తో అదిమి అదిమి గట్టిపరిచాను. గుప్పెట్లో పిండితే ముద్ద కట్టాలి, నీళ్లు కారకూడదు, అంత తడి. బల్బు పైనుంచే వేసి, మట్టి లోపల 29 డిగ్రీల దగ్గర నిలిచేదాకా రెండు రోజులు ఎత్తు మారుస్తూ కూర్చున్నాను. మట్టి మీద ఒక బెరడు ముక్క, దాని కిందనుంచి తవ్వడం మొదలుపెడుతుందని. మూడు గుంటలు తవ్వి వదిలేసింది, నాకు టెన్షన్. నాలుగోది అడుగు మూలదాకా వెళ్లింది. మర్నాటికి కడుపు లోపలికి పోయింది, మట్టి పైన ఏమీ జరగనట్టు ఉంది. తవ్వి చూస్తే మూలలో తొమ్మిది గుడ్లు, మీద మట్టి ఎంత గట్టిగా అదిమిందో చెంచాతో గీకి తీయాల్సి వచ్చింది. 40 సరిపోయింది అకీకి కాబట్టి. పెద్ద జాతులకు ఇంకా చాలా లోతు కావాలి.

కాబట్టి ఎవరైనా గుడ్ల పెట్టె అమ్ముతుంటే ఏ జాతికో, మట్టి ఎంత లోతు పడుతుందో, వేడి ఎటునుంచో అడగండి. జవాబు తిప్పితే కొనకండి. ఇప్పటికే కొని ఉంటే, మీ ఆడది తిండి మానేసి మూలలు గీకుతుంటే, వారం ఆగమన్న మాట వినకుండా సరీసృపాలు తెలిసిన వెట్ దగ్గరికి వెళ్లండి.

డబ్బులు వెనక్కి ఇవ్వలేదు. 'వాడిన వస్తువు' అన్నారు. ఆ డబ్బాలో ఇప్పుడు మేతకు బొద్దింకలు పెంచుతున్నాను, వాటికి బాగానే ఉంది. నిన్న చూస్తే అదే నల్ల డబ్బా, అదే రంధ్రం, స్టిక్కర్ మీద మాత్రం 'అన్ని బల్లులకూ' అని మార్చారు.