హాలీవుడ్ అసలు ఖర్చు దొరికే చోటు: కంపెనీస్ హౌస్ వెబ్‌సైట్

ఒక భారీ హాలీవుడ్ సినిమా బడ్జెట్ ఎంత అని అడిగితే పత్రికలన్నీ ఏదో ఒక గుండ్రటి అంకె చెబుతాయి. ఆ అంకె ఎక్కడిదని అడిగితే మాత్రం ‘పరిశ్రమ వర్గాల’ దగ్గర ఆగిపోతాయి. పోస్టర్ల మీది కలెక్షన్లకూ, ప్రీ రిలీజ్ వేదికల మీద చెప్పే ఖర్చులకూ అలవాటు పడిన మనకు ఇందులో వింతేమీ కనిపించదు. కొన్ని హాలీవుడ్ సినిమాల అసలు లెక్కలు, ఆడిటర్ సంతకంతో సహా, పైసా కట్టకుండా ఎవరైనా చదువుకోవచ్చని తెలిసినప్పుడు మాత్రం నేను ఆశ్చర్యపోయాను. కార్డిఫ్ ప్రధాన కేంద్రంగా పనిచేసే బ్రిటన్ కంపెనీల రిజిస్ట్రార్, అంటే కంపెనీస్ హౌస్, నడిపే వెబ్‌సైట్ అది. హైదరాబాదులో కూర్చుని ఇంగ్లండు కంపెనీల ఖాతాలు సరిచూసే ఉద్యోగం కనుక నాకు ఆ సైటుతో రోజూ పని. ఈ సమీక్ష మాత్రం సినిమా ఖర్చుల కోసం దాన్ని తెరిచేవారి కోసం రాస్తున్నాను.

ఈ లెక్కలు బయటపడటానికి కారణం స్టూడియోల నిజాయితీ కాదు, పన్ను రాయితీ. 2007 నుంచి అమల్లో ఉన్న పద్ధతి ప్రకారం బ్రిటన్ రాయితీ కావాలంటే, సినిమా నిర్మాణానికి మొదటి నుంచి చివరి దాకా బాధ్యత వహించే కంపెనీ ఒకటి అక్కడి పన్ను పరిధిలో ఉండాలి. అందుకని స్టూడియోలు ప్రతి సినిమాకూ విడిగా ఒక బ్రిటిష్ కంపెనీ పెడతాయి, పెట్టిన కంపెనీ ఏటా ఖాతాలు దాఖలు చేయాలి. 2015లో విడుదలైన ‘స్టార్ వార్స్: ది ఫోర్స్ అవేకెన్స్’లో ఎడారి దృశ్యాలను అబుదాబిలో తీసినా, నిర్మాణ వ్యయం చేరింది బ్రిటన్‌లో రిజిస్టరైన కంపెనీ పుస్తకాల్లోకే. ఆ ఖాతాలను బట్టి రాయితీ పోను దాని నికర వ్యయం దాదాపు 44.7 కోట్ల డాలర్లని పత్రికలు లెక్కకట్టాయి. విడుదలనాడు ప్రచారంలో ఉన్న అంకెలు ఇందులో సగానికి కాస్త అటూ ఇటూగా ఉండేవి. అంతకు ముందు 2011లో వచ్చిన ‘పైరేట్స్ ఆఫ్ ది కరీబియన్’ నాలుగో భాగానిదీ ఇదే కథ. 25 కోట్ల డాలర్ల సినిమాగా చలామణి అయిన దానికి ఖాతాల్లో తేలిన ఖర్చు సుమారు 41 కోట్లు, అందులో రాయితీగా తిరిగి వచ్చింది 3.2 కోట్లు.

ఇక వాడకం సంగతి. సైటు పైభాగంలో ఒకే ఒక్క వెతుకు పెట్టె ఉంటుంది. అందులో సినిమా పేరు కొడితే సాధారణంగా ఏమీ దొరకదు, ఎందుకంటే షూటింగు గుట్టు కాపాడుకోవడానికి స్టూడియోలు ఈ కంపెనీలకు సినిమాతో పొంతన లేని పేర్లు పెడతాయి. పైన చెప్పిన స్టార్ వార్స్ సినిమా ఖాతాలు ‘ఫూడుల్స్ ప్రొడక్షన్’ అనే కంపెనీ కింద ఉన్నాయి. ఆ పేరు చూస్తే ఏదో నూడుల్స్ తయారీ సంస్థ అనుకుంటాం. సినిమా చివర పేర్లన్నీ దొర్లిపోయాక వచ్చే కాపీరైటు పంక్తుల్లో కొన్నిసార్లు అసలు కంపెనీ పేరు దొరుకుతుంది. పేరు దొరికాక మిగిలిన పని సులువే: ‘ఫైలింగ్ హిస్టరీ’ నొక్కితే ఏ ఏటి ఖాతాలు ఆ ఏటివి పీడీఎఫ్ రూపంలో తెరుచుకుంటాయి. మన కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో ఒక కంపెనీ పత్రాలు చూడాలంటే 100 రూపాయలు కట్టాలి. కట్టి చూసినా ఒక బ్యానర్ తీసిన సినిమాలన్నీ ఒకే ముద్దగా కనిపిస్తాయి తప్ప ఏ సినిమాకు ఎంతయిందో తేలదు.

చదవడంలో మాత్రం జాగ్రత్త అవసరం. ప్రతి పట్టికలో ఈ ఏటి అంకె పక్కనే నిరుటి అంకె ఉంటుంది. వరుసగా మూడేళ్ల ఖాతాలు తెరిచి రెండు నిలువు వరుసలూ కలిపేస్తే ఒకే ఖర్చు రెండుసార్లు లెక్కకు వస్తుంది. వృత్తిరీత్యా సిగ్గుపడాల్సిన విషయమే గానీ, నేను మొదటిసారి సరిగ్గా ఆ పొరపాటే చేసి, ప్రపంచంలో ఇంత ఖరీదైన సినిమా లేదని స్నేహితులకు చాటాను. లెక్కలు పౌండ్లలో ఉంటే డాలరులోకి మార్చడానికి ఏ ఏటి మారకపు రేటు తీసుకున్నామన్నది కూడా చిన్న విషయం కాదు. ఖాతాల వెనుక అంకెలకు వివరణగా జతచేసే నోట్లలో, ఉద్యోగుల నోటులో కనిపించే సగటు సంఖ్య చూసి యూనిట్ పరిమాణం అంచనా వేయకూడదు, ఫ్రీలాన్సుగా పనిచేసేవారు సాధారణంగా అందులో ఉండరు. ప్రచార ఖర్చు అసలే ఉండదు, అది పంపిణీ చేసే సంస్థ పుస్తకాల్లోని మాట.

అన్నిటికన్నా ఆసక్తిగా చదవాల్సింది పన్ను నోటు. పాత పద్ధతిలో మూల నిర్మాణ వ్యయంలో (అంటే షూటింగుకు ముందు సన్నాహాలు, షూటింగు, ఆ తర్వాతి పనుల ఖర్చులో) 80 శాతం వరకు లెక్కలోకి తీసుకుని, దాని మీద 25 శాతం నగదుగా తిరిగి ఇచ్చేవారు. 2024 జనవరి నుంచి వచ్చిన కొత్త పద్ధతిలో పన్ను క్రెడిట్ 34 శాతం, కానీ ఆ క్రెడిట్ మీద మళ్లీ కంపెనీ పన్ను ఉంది కనుక 25 శాతం పన్ను రేటుతో చూస్తే చేతికి మిగిలేది 25.5 శాతం. అంటే 100 పౌండ్ల మూల వ్యయంలో 80 దాకా బ్రిటన్‌లోనే పెట్టిన నిర్మాతకు సుమారు 20 పౌండ్లు వెనక్కి వస్తాయి. అక్కడ చేయించిన విజువల్ ఎఫెక్ట్స్ పనికి 2025 ఏప్రిల్ నుంచి రేటును 39 శాతానికి పెంచారు, ఆ ఖర్చుకు 80 శాతం పరిమితి కూడా తీసేశారు. ఖర్చు పెంచినకొద్దీ తిరిగి వచ్చేదీ పెరిగే ఏర్పాటు ఉన్నప్పుడు, బడ్జెట్లకు కళ్లెం వేయాలన్న తొందర స్టూడియోకు ఎంత ఉంటుందో ఆ నోటు చదువుతుంటేనే అర్థమవుతుంది.

సేవ పరిధి చిన్నదే. అమెరికాలోని జార్జియా రాష్ట్రం 30 శాతం దాకా పన్ను క్రెడిట్ ఇస్తుంది గానీ, అక్కడ తీసిన సినిమాలకు ఇలాంటి ఖాతాలు జనం ముందుకు రావు. మార్వెల్ చాలా ఏళ్లు అక్కడే పనిచేసింది కనుక ‘ఎండ్‌గేమ్’ వంటి సినిమాల ఖర్చు ఇప్పటికీ ఊహాగానమే. అదే మార్వెల్ ‘అవెంజర్స్: డూమ్స్‌డే’ను 2025లో లండన్ శివారులోని పైన్‌వుడ్‌లో తీసింది. ఈ సైటులో ఏ కంపెనీనైనా ‘ఫాలో’ చేస్తే దాని కొత్త పత్రం చేరగానే ఈమెయిల్ వస్తుంది. ప్రైవేటు కంపెనీలకు సాధారణ గడువు ఖాతా సంవత్సరం ముగిశాక 9 నెలలు. ‘డూమ్స్‌డే’ కంపెనీ పేరు చేతికి దొరికిన రోజున నేను చేసే మొదటి పని ఆ ‘ఫాలో’ నొక్కడమే.