నటించే పేషెంట్లతో కమ్యూనికేషన్ వర్క్‌షాప్: మా కాలేజీ అనుభవం

బయటి సంస్థ ఒకటి మా మెడికల్ కాలేజీ స్కిల్స్ ల్యాబ్‌లో నడిపిన వర్క్‌షాప్ ఇది. నేను జనరల్ మెడిసిన్‌లో పాఠాలు చెబుతాను. మా పిల్లలతో పాటే కూర్చుని మొత్తం చూశాను. ఐదుకి నాలుగు మార్కులు ఇస్తాను.

నటులకు శిక్షణ ఇచ్చి రోగులుగా కూర్చోబెట్టడం 1963లో అమెరికాలో హోవార్డ్ బారోస్ అనే న్యూరాలజిస్టు మొదలుపెట్టిన పద్ధతి. మన దేశంలో 2019 ఎంబీబీఎస్ బ్యాచ్ నుంచి ఎట్‌కామ్ (వైఖరి, నైతికత, కమ్యూనికేషన్ నేర్పే పాఠాలు) పేరుతో కమ్యూనికేషన్ కూడా సిలబస్‌లో చేరింది. కానీ స్లైడ్లు చూపిస్తే ఇది వచ్చే విద్య కాదు.

ఒక కేసు చెబుతాను. రంగస్థల నటి ఒకావిడ పేషెంటుగా కూర్చుంది. కళ్ళె పరీక్షలో టీబీ తేలింది, ఆ మాట ఆవిడకి చెప్పాలి. మావాడు బాగా చదివే కుర్రాడు. "అమ్మా, మీకు టీబీ" అని మొదలుపెట్టి రెండు నెలలు నాలుగు మందులు, తర్వాత నాలుగు నెలలు మూడు మందులు, మధ్యలో మానకూడదు, అంటూ గడగడా చెప్పేశాడు. ఒక్క తప్పు లేదు. ఆవిడ తలూపుతూ అంతా విని, "అంటే నాకు ఏమైనట్టు సార్?" అంది.

తర్వాత పాత్రలోంచి బయటికొచ్చి, "టీబీ అన్నాక నాకింకేమీ వినబడలేదు బాబూ. మీరు ఆపితే బాగుండుననిపించింది" అంది. ఎగ్జామినర్లుగా మేం ఎన్నిసార్లు చెప్పినా తలకెక్కని మాట ఇది. రెండోసారి వాడు ఆ ముక్క చెప్పి ఆగాడు. కాసేపటికి ఆవిడే నోరు విప్పింది: "ఇంట్లో నెలల పసిగుడ్డు ఉంది, ఎత్తుకోవచ్చా? మా అత్తగారు నా కంచం వేరు పెట్టేస్తుందేమో!" మొదటిసారి ఈ భయాలు బయటికే రాలేదు.

ఒక మార్కు తగ్గించడానికి కారణముంది. కేసులన్నిట్లో పేషెంటు ఒంటరిగా వస్తాడు. మన ఓపీలో అలా ఎక్కడుంటుంది? పక్కన కొడుకో అన్నయ్యో ఉంటాడు, "నాన్నకి చెప్పొద్దు డాక్టర్" అని తలుపు దగ్గరే ఆపేస్తాడు. పిల్లలకి అసలు టెన్షన్ అక్కడే. ఇలా ఇంటివాళ్ళు పక్కనున్న కేసులు తప్పకుండా పెట్టాలి. పైగా బ్యాచ్ పెద్దది కావడంతో సగం మంది చూసి ఊరుకోవాల్సి వచ్చింది.

మీ కాలేజీలో పెట్టించుకుంటే చిన్న బ్యాచ్‌లుగా చేయమని ముందే పట్టుబట్టండి. వార్డు పోస్టింగ్స్ మొదలయ్యే ముందైతే ఇంకా మంచిది.