పిల్లల బడి రోజులు: పెట్టెలో దాచాలా, పుస్తకం వేయించాలా?

మా అమ్మాయి ఇప్పుడు ఎనిమిదో తరగతి. ఎల్‌కేజీ నుంచి పోగైన కాగితాలన్నీ మొన్న సెలవుల్లో ముందేసుకుని కూర్చున్నాను. అన్నీ దాచలేం, అలాగని పారేయడానికి చేతులు రావు. అసలు కాగితాలనే పెట్టెలో పెట్టడం, ఫోటోలు తీసి పుస్తకంగా అచ్చు వేయించడం, స్కాన్ చేసి కంప్యూటర్లో దాచడం, ఈ మూడూ కొంతకొంత చేసి చూశాను. ఏదో ఒకటే చేయగలిగితే నా ఓటు పెట్టెకే.

ఫోటో పుస్తకం చూడటానికి ముచ్చటగా ఉంటుంది. ఇంకో కాపీ వేయించి అమ్మమ్మకో నాన్నమ్మకో ఇవ్వొచ్చు. కానీ అచ్చులోకి రానివి చాలా ఉన్నాయి. ఒకటో తరగతిలో మా అమ్మాయి పెన్సిల్ ఎంత గట్టిగా నొక్కి రాసేదంటే, కాగితం వెనక వేలితో తడిమితే అక్షరాలు తగిలేవి. రబ్బరుతో చెరిపి చెరిపి చిరిగిన చోటు ఒకటుంది. అచ్చులో అదంతా నున్నటి కాగితమే. ఇంకో ఇబ్బంది, బడి అయిపోయాక ఒకేసారి చేద్దామని వాయిదా వేస్తే వేల ఫోటోల్లోంచి ఏరలేక టెన్షన్ పడతాం. వేయించాలనుకుంటే ఏడాదికి ఇరవై పేజీలు చాలు.

స్కానింగ్‌ను నేను రక్షణగానే చూస్తాను. ఏ4 కాగితాన్ని 300 డీపీఐలో (అంటే అంగుళానికి 300 చుక్కలు) స్కాన్ చేస్తే సుమారు 2480 × 3508 పిక్సెళ్లు వస్తాయి, మళ్లీ అదే సైజులో అచ్చు వేసుకోవడానికి సరిపోతుంది. చిన్న ఫోటోలైతే 600 పెట్టండి. స్కాన్ చేసినవి మూడు కాపీలు దాచండి, రెండు రకాల పరికరాల్లో, అందులో ఒక కాపీ ఇంటి బయట. పెన్ డ్రైవ్‌లో వేసి ఏళ్ల తరబడి డ్రాయర్లో వదిలేస్తే అందులోవి చెరిగిపోవచ్చు.

ఇక పెట్టె. దీనికీ జాగ్రత్తలు కావాలి, ఒకటి నేను పోగొట్టుకుని నేర్చుకున్నాను. యూకేజీలో వేసిన బొమ్మ చెడకూడదని లామినేషన్ చేయించాను. ఆ వేడికి మైనపు రంగులు కరిగి అలుక్కుపోయాయి. ప్లాస్టిక్ విప్పుదామంటే కాగితమే చిరుగుతుంది. ఇప్పటికీ దాన్ని చూస్తే మనసు చివుక్కుమంటుంది. సెల్లోటేపు పసుపెక్కి మరక వదులుతుంది, గుండుసూది తుప్పు పడుతుంది, రబ్బరు బ్యాండు కరిగి అంటుకుంటుంది. ఇవన్నీ తీసేయండి. చౌక కాగితంలో లిగ్నిన్ అనే చెక్క పదార్థం ఉంటుంది, వెలుతురు తగిలేకొద్దీ అది పసుపు రంగుకు తిరుగుతుంది. అలాంటి కాగితంలోని ఆమ్లం పక్కవాటికి పాకకుండా కాగితాల మధ్య ఆమ్లం లేని తెల్ల కాగితం పెట్టాలి. ప్లాస్టిక్ కవర్లు పాలీప్రొపిలీన్ రకానివి అయితే మంచిది, పీవీసీ రకం కవర్లు ఫోటోలకు అతుక్కుంటాయి. యూనిఫాం దాచేట్టయితే ఉతికి, గంజి పెట్టకుండా, బాగా ఆరాక మడవండి. గంజికి పురుగులు వస్తాయి. పెట్టె ఉండాల్సింది పడకగది బీరువాలో. అటక మీద వేడి, బాత్రూమ్ గోడ పక్కన చెమ్మ.

బడి మొత్తానికి ఒకటే పెట్టె, ఏడాదికో కవరు, కవరులో పది వస్తువులకు మించకూడదు. ఏం ఉంచాలో పిల్లల్నే అడగండి. నేను ప్రైజు సర్టిఫికెట్ చేతిలోకి తీసుకుంటే, మా అమ్మాయి ఎర్ర సిరా దిద్దుబాట్లతో నిండిన ఒక వ్యాసం తీసింది. "టీచర్ నాకోసం ఇంత రాశారు కదమ్మా" అంది. ఆ మాటనే తేదీ వేసి, మెత్తటి పెన్సిల్‌తో కాగితం వెనక రాశాను. పెన్సిల్ గీత వెలిసిపోదు.

పెట్టెలో పట్టనిది గొంతు ఒక్కటే. అందుకని ఏటా బడి చివరి రోజున తనకిష్టమైన పాఠం ఒక పేజీ చదివించి రికార్డు చేస్తున్నాను. రెండో తరగతి రికార్డింగులో "ళ" పలకలేక మూడుసార్లు ఆగి, నాలుగోసారి పలికి, తనకు తనే చప్పట్లు కొట్టుకుంది.