రెండున్నరేళ్ల ఎయిర్‌బ్రష్: సూది మీద ప్రేమ, నీటి గిన్నె మీద ఫిర్యాదు

2023 జూన్‌లో 0.3 మి.మీ. సూది ఉన్న డబుల్ యాక్షన్ ఎయిర్‌బ్రష్‌ను (గాలి ఒత్తిడితో రంగును సన్నగా చిమ్మే కలంలాంటి పరికరాన్ని), దానితోపాటే వచ్చే ట్యాంకు లేని చిన్న కంప్రెసరును కలిపి ఒకే సెట్టుగా కొన్నాను. రెండున్నరేళ్లలో దానితో అయిదు పాతకాలపు యుద్ధ విమానాల నమూనాలకు రంగు వేశాను. మూడు 1/48 స్కేలువి (అంటే అసలు విమానంలో నలభై ఎనిమిదో వంతు), రెండు 1/72 స్కేలువి. బొత్తాం నొక్కితే గాలి, వెనక్కి లాగితే రంగు అన్న సంగతి ఈ పనిలో ఉన్నవారికి కొత్త కాదు కనుక ఆ వివరాల జోలికి పోను. నేను ముఖ్యంగా రాయదలచుకున్నది ఒక్క భాగం గురించే. కంప్రెసరు పక్కన బిగించి, గాలిలోని తేమను పట్టి ఆపుతుందని పెట్టె మీద ముద్రించిన బొటనవేలంత పారదర్శకపు గిన్నె అది. సముద్రానికి పాతిక కిలోమీటర్లు కూడా లేని నెల్లూరులో దాన్ని నమ్ముకుని నేను చాలా నష్టపోయాను, ఆ బాధ ఇప్పటికీ తగ్గలేదు.

ముందుగా సూది సంగతి చెప్పాలి, ఎందుకంటే మొదటి ఆరు నెలలు నేను ఈ సెట్టును మెచ్చుకోని రోజు లేదు. నేను దాన్ని కొన్నదే రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ యుద్ధ విమానం హాకర్ హరికేన్ మార్క్ 2సి కోసం. 1944లో ఇంఫాల్ రంగంలో అర్జన్ సింగ్ నాయకత్వాన మన వైమానిక దళపు ఒకటో స్క్వాడ్రన్ నడిపిన హరికేన్లలో ఒకదాన్ని 1/48లో చేయాలన్నది నా చిరకాల కోరిక. నేను ఎంచుకున్న రంగుల పథకంలో విమానం పై భాగమంతా ముదురు గోధుమ, ముదురు ఆకుపచ్చ రంగులు పెద్ద పెద్ద వంపులుగా అల్లుకుని ఉంటాయి. అసలు విమానం మీద ఆ రెండు రంగులు నాలుగైదు సెంటీమీటర్ల మేర ఒకదానిలో ఒకటి కలిసిపోతే, 1/48లో ఆ కలయిక ఒక్క మిల్లీమీటరుకు కుదించుకుపోతుంది. కుంచెతో వేస్తే ఆ అంచు గీత గీసినట్టు కనిపిస్తుంది, డబ్బా స్ప్రేతో కొడితే మబ్బులా పాకుతుంది. ఈ సూదితో, రంగును పలచని పాలలా కలుపుకుని, గాలి ఒత్తిడిని 12 పీఎస్‌ఐకి (చదరపు అంగుళానికి 12 పౌండ్లకు) తగ్గించుకుని, మొనను ప్లాస్టిక్‌కు ఒక అంగుళం దూరంలో పట్టుకుంటే ఆ ఒక్క మిల్లీమీటరు అంచు చేతికి అందింది. హరికేన్ వెనక భాగం రేకు కాదు, చెక్క పట్టీల మీద బిగించిన గుడ్డ; కిట్టు తయారుచేసినవారు ఆ పట్టీల ఉబ్బులను చాలా సున్నితంగా చూపించారు. మందమైన రంగు పడితే పూడిపోయే ఆ ఉబ్బులు నా నమూనాలో రంగు ఆరిన తరువాత కూడా వేలికి తగిలాయి. ఒంగోలులో నాలాగే నమూనాలు చేసే మిత్రుడికి ఆ రాత్రే ఫోన్ చేసి, కళ్లు మూసుకుని కొనమని చెప్పాను. ఆయన కొన్నారు కూడా.

డిసెంబరు వచ్చింది. ఆ నెల మొదటి వారంలో మిచౌంగ్ తుఫాను నెల్లూరును వానతో ముంచి, 5వ తేదీన బాపట్ల దగ్గర తీరం దాటింది. కరెంటు వచ్చి, వాన తగ్గి, కిటికీ తలుపులు తెరిచిన మొదటి సాయంత్రం నేను హరికేన్‌కు మెరుపు వార్నిష్ కొట్టడానికి కూర్చున్నాను. డెకాళ్లు, అంటే విమానం గుర్తులు ముద్రించిన పలచని స్టిక్కర్లు, అతికించే ముందు నున్నటి మెరుపు పొర లేకపోతే వాటి కింద గాలి చిక్కుకుని, ఆరాక వెండి పొరలా తెల్లగా మెరుస్తుంది. అందుకే ఆ పొర విషయంలో నేను ఎప్పుడూ తొందరపడను. నేను వాడింది త్వరగా ఆరే లాకర్ వార్నిష్. కుడి రెక్క, వెన్ను, తోక వరకు అద్దంలా వచ్చాయి. అప్పటికి కంప్రెసరు ఆగకుండా ఇరవై నిమిషాలు నడిచి ఉంటుంది. ఎడమ రెక్క మొదట్లోకి వచ్చేసరికి గాలి చప్పుడు ఒక్క క్షణం మారింది, చిన్న దగ్గులాంటి శబ్దం వచ్చింది, మొన నుంచి మూడు నీటి బొట్లు తడి వార్నిష్ మీద పడ్డాయి. నేను చేయి తీసేలోపే ఇంకో నాలుగు పడ్డాయి. బొట్టు పడిన చోటల్లా వార్నిష్ చుట్టూరా వెనక్కి తగ్గి, మధ్యలో గుంట మిగిలింది. పది నిమిషాల తరువాత, అద్దంలా వచ్చిందనుకున్న కుడి రెక్క కూడా తెల్లబారడం మొదలుపెట్టింది. ముదురు ఆకుపచ్చ మీద ఆ తెలుపు సుద్ద తుడిచిన పలకలా కనిపించింది. ఆరు నెలల పాటు వారానికి మూడు సాయంత్రాలు కూర్చుని చేసిన పని అది.

వెంటనే గిన్నె వైపు చూశాను. దాని అడుగున ఒక్క చుక్క నీరు లేదు, పూర్తిగా పొడిగా ఉంది. నాకు కోపం వచ్చింది అక్కడే. గిన్నె నిండిపోయి, నేను ఖాళీ చేయడం మరిచిపోయి ఉంటే తప్పు నాదని ఒప్పుకునేవాణ్ని. గొట్టం విప్పి దులిపితే మాత్రం లోపలి నుంచి చెంచాడు నీరు కారింది.

అమ్మినవారికి రాస్తే, తేమ తక్కువగా ఉన్న గదిలో వాడుకోవలసిందన్న సమాధానం వచ్చింది. ఆ సూచన పెట్టె మీద గాని, వాడకం కాగితంలో గాని ఎక్కడా లేదు. కారణం తెలిసింది ఆటోనగర్‌లో కార్లకు రంగు వేసే ఒక పెద్దాయన దగ్గర. నేను గొట్టాన్నీ గిన్నెనూ సంచిలో వేసుకుని వెళ్లి చూపించాను. ఆయన కంప్రెసరు ఎంతసేపు నడిపానో, గిన్నె ఎక్కడ ఉందో రెండు ప్రశ్నలు అడిగి, "సార్, మిషను కాడ గాలి ఇంకా వేడిగానే ఉంటాది. వేడి గాలి నీళ్లు వదలదు. గిన్నె దాటి పైపులోకి పోయినాక చల్లారతాది, ఆడ వదులుతాది. ఈ గిన్నె ఉండాల్సింది మిషను కాడ కాదు, మీ చెయ్యి కాడ" అన్నారు. తన షెడ్డులో పెద్ద ట్యాంకు అడుగున ఉన్న కుళాయి తిప్పి చూపించారు. ఉదయం నుంచి నిలిచిన నీరు తుప్పు రంగులో బుస్సుమని బయటికి వచ్చింది. ఆ ట్యాంకు గాలిని నిలవ ఉంచుతుంది, నిలవ ఉన్న గాలి చల్లారుతుంది, చల్లారిన గాలి నీటిని అక్కడే విడిచిపెడుతుంది. నా సెట్టులో ట్యాంకే లేదు కనుక గాలి చల్లారే మొదటి చోటు నా గొట్టమే.

ఇంటికి వచ్చి లెక్క వేసుకున్నాను. 30 డిగ్రీల వేడి ఉన్న ఒక ఘనమీటరు గాలిలో సుమారు 30 గ్రాముల నీటి ఆవిరి ఇముడుతుంది. తుఫాను వెలిసిన సాయంత్రం తేమ 85 శాతం అనుకుంటే ఆ గాలిలో 25 గ్రాములకు పైగా నీరు ఉన్నట్టు. 15 పీఎస్‌ఐ దగ్గర ఆ గాలి దాదాపు సగం ఘనపరిమాణానికి కుంచించుకుపోతుంది, మళ్లీ 30 డిగ్రీలకు చల్లారితే అందులో 15 గ్రాములే నిలుస్తుంది. మిగిలిన పది గ్రాములు, అంటే రెండు చిన్న చెంచాల నీరు, ఎక్కడో ఒకచోట బయటపడక తప్పదు. నిమిషానికి 20 లీటర్లు తోడే యంత్రం 50 నిమిషాల్లో ఒక ఘనమీటరు గాలిని లాగేస్తుంది. ఇంత చిన్న లెక్క యంత్రం తయారుచేసినవారికి తెలియదని నేను అనుకోలేను. గిన్నెను ఆ చోట బిగించడం వల్ల పెట్టెలో చక్కగా ఇముడుతుంది, చూడటానికి నిండుగా ఉంటుంది. కోస్తాలో వానాకాలం సాయంత్రం ఆవిరిని మాత్రం అది పట్టలేదు.

తెల్లబారిన భాగాలు చాలావరకు బాగయ్యాయి. ఆరడాన్ని నెమ్మదింపజేసే రిటార్డర్ కలిసిన లాకర్ థిన్నర్‌ను పొడి వాతావరణం ఉన్న మధ్యాహ్నం పలచగా ఊదితే పై పొర మళ్లీ కరిగి, చిక్కుకున్న తేమ బయటికి పోయి, రంగు తిరిగి తేలింది. గుంటలు మాత్రం అలా పోలేదు. ఎడమ రెక్క మొదట్లో 2000 నంబరు ఎమెరీ కాగితంతో నీళ్లు పోసి రుద్దాను, రంగు వరకు దిగాను, గోధుమ ఆకుపచ్చల మధ్య నేను ప్రాణం పెట్టి వేసిన అంచు అక్కడ పోయింది. తిరిగి వేశాను, కానీ మొదటిసారి వచ్చినంత మెత్తగా రాలేదు. ఆ రెక్క మీద రావలసిన గుర్తు ఆగ్నేయాసియాలోని మిత్రరాజ్యాల దళాలది. జపాన్ వారి ఎర్ర వృత్తంగా పొరబడకుండా ఎరుపును పూర్తిగా తీసేసి, ముదురు నీలం మధ్యలో లేత నీలంతో వేసిన చిన్న చక్రం. అది అతికించాక చూసేవారి కన్ను అటే పోతుంది కనుక పక్కనున్న మచ్చ ఇతరులకు తెలియడం లేదు. నాకు తెలుస్తుంది. అల్మారా తెరిచినప్పుడల్లా ముందు అక్కడికే చూస్తాను.

ఆ తరువాత నేను చేసుకున్న మార్పులతోనే మిగతా నాలుగు విమానాలు పూర్తయ్యాయి. మూడు లీటర్ల చిన్న ట్యాంకు ఒకటి విడిగా కొని మధ్యలో కలిపాను, గొట్టాన్ని మూడు మీటర్లకు పెంచి చుట్టలుగా బల్ల కిందికి వేలాడదీశాను, ఎయిర్‌బ్రష్ పిడి కిందనే ఇంకో చిన్న నీటి వడపోతను బిగించాను. పావుగంట నడిపితే పది నిమిషాలు ఆపుతాను. పని అయ్యాక ట్యాంకు కుళాయి తిప్పడం దీపం ఆర్పడంలాగా అలవాటైపోయింది. ఈ రెండేళ్లలో ఒక్క బొట్టు కూడా ప్లాస్టిక్ మీద పడలేదు. అయితే ఈ అదనపు సామాను ఖర్చు సెట్టు ధరలో మూడో వంతుకు పైనే అయింది, చేతిలో బరువు కూడా పెరిగింది. పిడి కింద వడపోత ఉండటంతో విమానం పొట్ట కిందికి మొనను వంచడం మునుపటంత సులువు కాదు.

సూదిని గురించి మొదట రాసినదానికి కొంత సవరణ అవసరం. ఆ ఒక్క మిల్లీమీటరు అంచు ఇప్పటికీ వస్తుంది, కానీ అది నేను మార్చిన మూడో సూదితో. మొదటి సూది మొన శుభ్రం చేసేటప్పుడు వంగింది, రెండోది రంధ్రం దగ్గరి చిన్న నాజిల్‌ను కాస్త గట్టిగా బిగించినప్పుడు నాజిల్‌తో పాటు పోయింది. లోపలి రబ్బరు వాషర్లు లాకర్ థిన్నర్‌కు ఉబ్బిపోయి బొత్తాం బిగుసుకుంది, వాటి స్థానంలో టెఫ్లాన్‌వి వేశాను. రోహిణి కార్తెలో అక్రిలిక్ రంగు మొన మీదనే ఎండిపోతుంది. రెండు నిమిషాలకొకసారి తుడవాలి, లేదా తెల్లవారుజామున అయిదింటికి లేచి పని చేసుకోవాలి. ఒకప్పుడు మిత్రుడితో కళ్లు మూసుకుని కొనమన్నవాణ్ని, ఇప్పుడు ఆ మాట అననని ఆయనతో చెప్పాను.

చిత్రమేమిటంటే ఆయనకు ఈ ఇబ్బంది రాలేదు. ఒంగోలూ సముద్రానికి దగ్గరే, సెట్టూ అదే, గిన్నె కూడా కంప్రెసరు పక్కనే ఉంది. కానీ ఆయన పని చేసేది ఏసీ గదిలో, చేసేవి ఎక్కువగా 1/72 స్కేలువి. ఒక్కో పొరకు అయిదు నిమిషాలు మించి యంత్రం నడవదు. నాది కిటికీలు తెరిచిన మేడ మీది గది, నాకు దొరికేది ఆఫీసు నుంచి వచ్చాక ఏడు నుంచి తొమ్మిది వరకు, నాకు ఇష్టమైనవి 1/48 రెక్కలు. కనుక ఆయనలా వాడగలవారు ఈ సెట్టును ఉన్నదున్నట్టు కొనుక్కోవచ్చు. నాలాంటివారు కొంటే ట్యాంకు ఉన్న కంప్రెసరు విడిగా, ఎయిర్‌బ్రష్ విడిగా కొనుక్కోవడం మేలని నా అనుభవంలో అనిపిస్తోంది. ఆ ఎయిర్‌బ్రష్ ఇదే అయినా నాకు అభ్యంతరం లేదు.

ఇప్పుడు బల్ల మీద ఫోలండ్ నాట్ అనే చిన్న జెట్ యుద్ధ విమానం నమూనా ఉంది. బెంగళూరులో హెచ్‌ఏఎల్ తయారుచేసిన రకమే, ఒళ్లంతా వెండి రంగు. వెండి మీద నీటి బొట్టు పడితే దాచే దారి లేదు, అందుకని పుట్టీ, రుద్దుడు పనులన్నీ ఇప్పుడే ముగించుకుని, రంగును మాత్రం సంక్రాంతి వెళ్లి గాలి పొడిబారే వరకు ఆపాను.