లాయర్ ఎమ్మెల్యే రికార్డు చూడాలంటే: ఈసీ అఫిడవిట్ పోర్టల్, ఈ-కోర్ట్స్ యాప్ రివ్యూ

ఎమ్మెల్యే లాయర్ కూడా అయితే ఆయన రికార్డు రెండు చోట్ల వెతకాలి. ఆయన మీద ఉన్న కేసులు, ఆస్తులు ఎన్నికల సంఘం (ఈసీ) అఫిడవిట్ పోర్టల్‌లో, అంటే అభ్యర్థులు నామినేషన్‌తో ఇచ్చే ప్రమాణపత్రాలు పెట్టే సైట్‌లో ఉంటాయి. ఆయన వకాల్తా వేసిన (క్లయింటు తరఫు లాయరుగా కోర్టుకు పత్రం ఇచ్చిన) కేసులు, కోర్టు కేసుల వివరాలు చూపే ఈ-కోర్ట్స్ యాప్‌లో దొరుకుతాయి. రెండూ ఉచితమే. ఒక్కదాన్నే చూస్తే మాత్రం సగమే తెలుస్తుంది.

ఎమ్మెల్యేగా ఉంటూ ప్రాక్టీసు చేయడం తప్పేమీ కాదు. పూర్తికాలం జీతానికి పనిచేసేవాళ్లు ప్రాక్టీసు చేయకూడదనే, లాయర్లను నియంత్రించే బార్ కౌన్సిల్ 49వ నిబంధన చట్టసభ సభ్యులకు వర్తించదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరులో తేల్చేసింది. ఇక చూడాల్సింది ఎవరి తరఫున వాదిస్తున్నారన్నదే.

ముందు అఫిడవిట్ పోర్టల్. ఎన్నిక, రాష్ట్రం, నియోజకవర్గం ఎంచుకుంటే అభ్యర్థుల జాబితా వస్తుంది. ఒక అభ్యర్థి నాలుగు సెట్ల వరకు నామినేషన్ వేయొచ్చు, తప్పులు దిద్ది మళ్లీ అఫిడవిట్ ఇచ్చేవాళ్లూ ఉంటారు. అందుకే ఒకటి కంటే ఎక్కువ కాపీలు కనిపిస్తే తేదీ చూసి ఆఖరిదే తెరవండి. ఎవరైనా కౌంటర్ అఫిడవిట్ (అభ్యర్థి చెప్పింది తప్పంటూ వేరొకరు ఇచ్చే ప్రమాణపత్రం) వేశారేమో కూడా చూడండి, అసలు మసాలా చాలాసార్లు అందులోనే ఉంటుంది.

ఫారం 26లో, అంటే ఈ అఫిడవిట్ రాసే నమూనాలో, పెండింగ్ కేసుల పట్టికను నిదానంగా చదవాలి. ఎఫ్ఐఆర్ నంబరు, పోలీస్ స్టేషన్, సెక్షన్లు, కోర్టు పేరు చూసుకుంటూ 'అభియోగాలు నమోదయ్యాయా' అన్న గడి దగ్గర ఆగండి. ధర్నా కేసు పదేళ్లుగా ఎఫ్ఐఆర్ దగ్గరే ఆగిపోవడం వేరు, మోసం కేసులో అభియోగాలు ఖరారై విచారణ నడవడం వేరు. కేసుల సంఖ్య ఒక్కటే చూసి తీర్పు చెప్పేవాళ్లు పప్పులో కాలేసేది ఇక్కడే.

ఆదాయం గడిలో ఐదేళ్ల రిటర్నుల లెక్క ఉంటుంది. అందులోని మొత్తం ఆదాయంలో వ్యవసాయ ఆదాయం కలవదు, దానికి పన్ను లేదు గనక. పొలం ఎక్కువగా ఉన్నవాళ్ల రిటర్ను చిన్నగా, ఆస్తి పెద్దగా కనిపిస్తే వెంటనే అనుమానపడనక్కర్లేదు. స్థిరాస్తి దగ్గర కొన్న ధర, ఇప్పటి మార్కెట్ విలువ వేర్వేరుగా రాస్తారు. పత్రికల్లో వచ్చే 'ఐదేళ్లలో మూడింతలు' లాంటి లెక్కలకు కొన్నిసార్లు భూమి ధర పెరగడమే కారణం. ఈ పోర్టల్‌తో పెద్ద చిక్కు స్కాన్ పీడీఎఫ్‌లే. చేతిరాత ఉంటే వెతుకులాట పనిచేయదు, పేజీ పేజీ తిప్పాల్సిందే.

ఇక ఈ-కోర్ట్స్. రాష్ట్రం, జిల్లా, కోర్టు కాంప్లెక్స్ ఎంచుకుని, అడ్వకేట్ విభాగంలో పేరుతో గానీ బార్ నంబరుతో (లాయరుగా బార్ కౌన్సిల్‌లో నమోదైన నంబరు) గానీ వెతకొచ్చు. పేరుతో వెతికితే అదే పేరున్న ఇంకో నలుగురి కేసులు కలిసిపోతాయి, ఇంటిపేరు స్పెల్లింగ్ మారితే అసలైనవి జారిపోతాయి. బార్ నంబరే నయం: రాష్ట్రం కోడ్, నంబరు, ఏడాది. ఉమ్మడి రాష్ట్రంలో ఎన్‌రోల్ అయినవారికి రెండు రాష్ట్రాల కోడ్‌లతోనూ ప్రయత్నించండి. 'పెండింగ్' ఒక్కటే పెట్టి వదిలేయకండి, ముగిసినవీ చూడాలి. ఒక్కో కోర్టు కాంప్లెక్స్‌కు విడిగా వెతకడం విసుగే. హైకోర్టు వేరే విభాగం. 2019 జనవరి 1న హైకోర్టు విడిపోయింది గనక ఆంధ్ర లాయర్ల పాత కేసుల కోసం హైదరాబాద్ వైపూ చూడాలి.

జాబితాలో పేరు ఉన్నంత మాత్రాన ఆయనే నిలబడి వాదించారని కాదు. వకాల్తా ఆయన పేరు మీద ఉంటుంది, వాయిదాకు జూనియర్ వెళ్తాడు. అది తేలాలంటే ఆర్డర్ కాపీ తెరిచి హాజరైనవారి పేరు చదవాలి. దీనికి తిరగబడ్డ చిక్కు ఇంకోటుంది: కోర్టు సీనియర్ అడ్వకేట్ హోదా ఇచ్చినవాళ్లు వకాల్తా వేయరు, కాబట్టి పేరుతో వెతికితే దాదాపు ఏమీ రాదు. వాళ్ల జాడ తీర్పుల మొదటి పేజీలోనే.

మార్కులు వేయమంటే అఫిడవిట్ పోర్టల్‌కు ఐదుకు నాలుగు, ఈ-కోర్ట్స్‌కు మూడు. అసెంబ్లీలో ఆయన ఏం అడిగారు, ఏ బిల్లు మీద మాట్లాడారు అన్నది ఈ రెండింటిలోనూ దొరకదు. దానికి శాసనసభ చర్చల ప్రతులే దిక్కు.